ఆ చారల చేపకు దీపం లేదు, చీకటీ లేదు

ఒళ్లంతా తెల్లటి చారలు సుడులు తిరిగిన ఓ చేప ఫొటో ఈమధ్య చాలామంది పంచుకుంటున్నారు. కింద రాత ఇది: ‘వేల మీటర్ల లోతున చీకట్లో బతికే యాంగ్లర్ ఫిష్. నెత్తిమీది దీపంతో వేటాడుతుంది. మగది ఆడదానికి అతుక్కుపోతుంది. ఈ రంగులు చీకట్లో వెలుగుతాయి.’ యాంగ్లర్ అన్న ఒక్క మాట తప్ప ఇందులో ఏదీ ఆ చేపకు వర్తించదు.

దాని పేరు హిస్టియోఫ్రైన్ సైకెడెలికా. యాంగ్లర్లలోనే ఎక్కువగా తక్కువ లోతు నీళ్లలో బతికే ఫ్రాగ్ ఫిష్‌లలో ఒకటి. 2008 జనవరిలో ఇండోనేషియాలోని ఆంబన్ రేవులో డైవర్ల కంటపడింది. లోతు వేల మీటర్లు కాదు, అయిదు నుంచి ఏడు మీటర్లు! పట్టపగలు ఎండ పడేచోట, విరిగిన పగడపు ముక్కల సందుల్లో దూరి ఉంటుంది.

దీపం సంగతి. లోతు సముద్రపు యాంగ్లర్లలో ఆడవాటి నెత్తిమీద గాలంలా పొడుచుకొచ్చిన ముల్లు ఉంటుంది, దాని కొసన బ్యాక్టీరియా వెలుగుతుంది. దీనికి దీపం మాట అటుంచి, ఊపి ఎర చూపడానికి పనికొచ్చే గాలమే లేదు. మగది అతుక్కుపోవడం కూడా లోతు నీటి జాతుల్లో కొన్నింటి కథే.

రంగుల దగ్గర కాస్త ఆగాలి. చీకట్లో బతికే యాంగ్లర్లు ఎక్కువగా నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటాయి. ఇన్ని రంగులు అక్కడ ఎవరికి కనపడాలి? ఈ చేప చారలు వెలగవు. చుట్టూ ఉన్న గట్టి పగడాల గీతల్లో కలిసిపోవడానికే అవి ఉన్నాయని దీన్ని పరిశీలించినవారి అంచనా. కళ్ల చుట్టూ మొదలై ఒళ్లంతా పాకే ఆ అమరిక ఏ రెండు చేపలకూ ఒకేలా ఉండదు. చదునైన వెడల్పు ముఖం, ముందుకు చూసే కళ్లు. రెక్కలతో నేలను తోసి, మొప్పల రంధ్రాల్లోంచి నీటిని చిమ్ముతూ బంతిలా ఎగురుతుంది. ఇంత అందమైన నిజం చేతిలో ఉండగా దానికి దీపం తగిలించడం నాకు బాధగా ఉంటుంది.

‘ఫొటోలో రంగులు దిద్దారు’ అనేవారూ ఉన్నారు. వాళ్ల అనుమానం అర్థం చేసుకోదగినదే, కానీ బతికున్న చేప రంగులు అవే. ఆల్కహాల్‌లో భద్రపరిస్తే కొద్దిరోజులకే చారలు పోయి తెల్లబారుతుంది. 1992లోనే బాలి నుంచి వచ్చిన ఇలాంటి రెండు చేపలు అమెరికాలో చేపల శాస్త్రవేత్త థియోడోర్ పీట్ష్ దగ్గరికి చేరాయి. రంగు వెలిసిపోయిన వాటిని ఆయన తెలిసిన జాతే అనుకున్నారు. ఆంబన్‌లో బతికున్నదాన్ని చూశాకే, 2009లో ఆయన బృందం దాన్ని కొత్త జాతిగా ప్రకటించింది.