మస్టరు ఎవరి దగ్గర ఉంది?

పులివెందుల ప్రాంతపు రాతినార (ఆస్‌బెస్టాస్) గనుల్లో వయసంతా ధారపోసిన ఒక వృద్ధ కూలీ పరిహారం అడగబోతే, ఆ గనిలో పనిచేసినట్లు రుజువు తెమ్మని ఒక కార్యాలయం తిప్పి పంపింది. హాజరు కాగితం కావాలట, జీతం చీటీ కావాలట, యజమాని సంతకం కావాలట. నాలుగు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడే మనిషి, ఎప్పుడో మూతపడిన గని కాగితాల కోసం ఎన్ని ఊళ్లు తిరగాలి? మస్టరు, అంటే కూలీల హాజరు పుస్తకం, ఏనాడూ కూలీ చేతిలో ఉండదు. మేస్త్రీ రాస్తాడు, గుమస్తా బీరువాలో పెడతాడు, కూలీ వేలిముద్ర వేసి వెళ్లిపోతాడు. ఆ పుస్తకం పట్టుకురమ్మని వేలిముద్ర వేసినవాడినే అడుగుతున్నారు.

బ్రాహ్మణపల్లె వైపు గనుల సంగతి ఈ జిల్లా పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. రాయిని సుత్తితో నలగ్గొట్టి నార విడదీస్తుంటే పట్టుపోగులా మెరుస్తుంది. అదే దుమ్మై లేస్తే కంటికి ఆనదు, ముక్కుకు కట్టుకున్న తువ్వాలుకు ఆగదు. ఊపిరితిత్తుల్లో దిగిన పోగు కరగదు. దాని చుట్టూ కండ మచ్చకట్టి గట్టిపడుతుంది, శ్వాస ఏటేటా కురచవుతుంది. ఆస్‌బెస్టాసిస్ అంటే అదే. ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి పొరకు వచ్చే మీసోథీలియోమా అంతకన్నా ఘోరం. గని గడప తొక్కని ఇల్లాలికి కూడా ముప్పు ఉంది. సాయంత్రం భర్త చొక్కా దులిపి ఉతికింది ఆమే కదా.

ఈ జబ్బులు బయటపడటానికి 20, 30, ఒక్కోసారి 40 ఏళ్లు పడుతుంది. 1923 నాటి నష్టపరిహార చట్టం మాత్రం పని మానేసిన రెండేళ్లలో లక్షణాలు కనిపించిన వారినే దృష్టిలో పెట్టుకుని రాసినట్లుంది. తగిన కారణం ఉంటే గడువు దాటిన దరఖాస్తునూ స్వీకరించే అధికారం పరిహారం కేసులు విచారించే కమిషనర్‌కు ఆ చట్టమే ఇచ్చింది. ముప్పై ఏళ్లు ఒంట్లో దాక్కున్న జబ్బు కంటే తగిన కారణం ఇంకేముంటుంది?

కాగితాల బాధ్యత ఎవరిదో సుప్రీంకోర్టు 1995 జనవరిలోనే తేల్చింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని రాతినార పరిశ్రమల యజమానులను ఆదేశించింది. జబ్బు నిర్ధారణ అయినవారికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని చెప్పింది. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వచ్చే జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. ఇంత చెప్పాక కూడా మస్టరు తెమ్మని కూలీని అడగడం ఆ తీర్పును తలకిందులు చేయడమే.

రుజువు అడగకపోతే దళారులు, దొంగ దరఖాస్తులు పుట్టుకొస్తాయని అధికారులు అంటారు. తెల్ల రాతినార అంత ప్రమాదకరం కాదని పరిశ్రమ అంటుంది. దొంగలను ఏరడానికి ఎక్స్‌రే ఉంది, శ్వాస పరీక్ష ఉంది, పక్కన పనిచేసిన తోటివారి సాక్ష్యం ఉంది. తెల్లదైనా నీలిదైనా ప్రతి రకం రాతినారా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో ప్రకటించింది. మన నేలలో దీని తవ్వకానికి 1986 నుంచే కొత్త లీజులు ఆపేసిన ప్రభుత్వం, అదే నారను విదేశాల నుంచి దిగుమతి చేసుకుని సిమెంటు రేకులు చేయనిస్తోంది. దాని సంగతి మరోసారి రాస్తాం.

ఈ రోజు మా భయం వేరే ఉంది. కాగితం పోయిందన్న సాకు ఈ ఒక్క కూలీ విషయంలో చెల్లితే, రేపు అందరి విషయంలోనూ చెల్లుతుంది. తాడిపత్రిలో, బేతంచెర్లలో బండలు కోసి పాలిష్ పట్టేవారున్నారు. మంగంపేటలో ముగ్గురాయి తవ్వేవారున్నారు. వారి దుమ్ము వేరు కావచ్చు, మస్టరు ఉండే చోటు మాత్రం అదే. కాగితం కాల్చేస్తే కేసు పోతుందని తెలిశాక ఏ యజమాని దాన్ని భద్రపరుస్తాడు? పుస్తకం పోగొట్టిన వారికి లాభం, ఊపిరి పోగొట్టుకున్న వారికి నష్టం అనే ఆనవాయితీని ప్రభుత్వమే మొదలుపెట్టకూడదు. రికార్డు చూపలేని యజమాని మాటను కాక, కూలీ మాటనే నిజమని తీసుకోవాలి.

గని లీజు ఎవరి పేరున ఉండేదో గనుల శాఖకు తెలుసు. రాయల్టీ ఎన్ని టన్నులకు కట్టించుకున్నారో లెక్క ఉంది. రాయిని టన్నుల్లో లెక్కగట్టినవారికి, దాన్ని కొట్టిన చేతులు ఎన్నో తెలియదా? ఆ పుస్తకాలు ఏ బీరువాలో ఉన్నాయో ముందు వారు వెతకాలి. ఆ వృద్ధుడిని మళ్లీ ఆ మెట్లు ఎక్కించకుండా, వైద్యుడిని వెంటబెట్టుకుని అధికారులే ఆయన గుమ్మానికి వెళ్లాలి.