పాస్‌వర్డ్ పనిచేయకపోతే వెంటనే రీసెట్ చేయకండి

లినక్స్ డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్ తీసుకోవట్లేదని ఎవరు అడిగినా అందరూ చెప్పేది ఒకటే: రికవరీ మోడ్‌లోకి వెళ్లి రీసెట్ కొట్టెయ్. ఈ సలహా అంటే నాకు చెడ్డ కోపం. చాలాసార్లు అసలు పాస్‌వర్డ్ సరైనదే అయి ఉంటుంది. రీసెట్ చేస్తే ఉన్న సమస్య పోదు సరికదా, ఇంకోటి వచ్చి పడుతుంది.

ఎలాగంటే, గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో మీరు దాచుకున్న పాస్‌వర్డ్‌లు కీరింగ్ అనే తాళం వేసిన పెట్టెలో ఉంటాయి. దానికి వేసిన తాళం మామూలుగా మీ లాగిన్ పాస్‌వర్డే. లాగిన్ అయి ఉండి మీరే పాస్‌వర్డ్ మార్చుకుంటే పాతదీ కొత్తదీ రెండూ టైప్ చేస్తారు కాబట్టి, మామూలుగా కీరింగ్ తాళం కూడా మారిపోతుంది. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న ఖాతాతో రీసెట్ చేస్తే పాతది ఎవరూ అడగరు, కీరింగ్ పాత తాళంతోనే ఉండిపోతుంది. ఇక లాగిన్ అయిన ప్రతిసారీ ఇంకో పాస్‌వర్డ్ పెట్టె ఎదురవుతుంది. పాతది గుర్తుంటే కీరింగ్‌ను చూసుకునే సీహార్స్ అనే ప్రోగ్రామ్‌లో మార్చుకోవచ్చు. గుర్తులేకపోతే అందులో దాచినవి పోయినట్టే.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది, పాస్‌వర్డ్‌ను కాదంటున్నది ఎవరు అన్నది. లాగిన్ స్క్రీన్, సుడో (రూట్ అధికారంతో కమాండ్ నడిపేది), లాక్ స్క్రీన్ మూడూ పాస్‌వర్డ్ సరిచూసే పామ్ అనే వ్యవస్థను అడుగుతాయి, కానీ వాటి కాన్ఫిగరేషన్ ఫైళ్లు వేరువేరుగా ఉండొచ్చు. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్‌ను తెరిచే లక్స్ పాస్‌వర్డ్‌కు వీటితో సంబంధమే లేదు. లాగిన్ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అది మారదు.

ఒక మిత్రుడి మెషీన్‌లో బ్యాకప్ నుంచి సిస్టమ్ ఫైల్స్ తిరిగి పెట్టాక విచిత్రమైన పరిస్థితి వచ్చింది. లాగిన్ అవుతోంది, సుడో పనిచేస్తోంది, కేడీఈ డెస్క్‌టాప్ లాక్ స్క్రీన్ మాత్రం అదే పాస్‌వర్డ్‌ను తప్పంటోంది. అతనికి టెన్షన్, మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామనే దాకా వెళ్లాడు. సిస్టమ్ లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్ తెరిస్తే, యూజర్ సమాచారం దొరకలేదని యునిక్స్_సీహెచ్‌కేపీడబ్ల్యూడీ అనే చిన్న ప్రోగ్రామ్ పేరుతో ఒక లైన్ ఉంది. లాగిన్ మేనేజర్, సుడో రూట్ అధికారంతో నడుస్తాయి కాబట్టి పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు ఉండే షాడో ఫైల్‌ను నేరుగా చదవగలవు. ఆ లాక్ స్క్రీన్ నడిచేది మామూలు యూజర్‌గా. అది ఈ చిన్న ప్రోగ్రామ్ ద్వారానే పాస్‌వర్డ్ సరిచూసుకోవాలి. ఎవరు నడిపినా దాన్ని రూట్ అధికారంతో నడిపించే గుర్తు, సెట్‌యూఐడీ బిట్, ఊడిపోయింది, అంతే. పామ్ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే సరిపోయింది. ఇక్కడ రీసెట్ చేసి ఏం ప్రయోజనం?

తప్పు పాస్‌వర్డ్‌లు లెక్కపెట్టి ఖాతాను లాక్ చేసే పామ్ భాగం, ఫెయిల్‌లాక్, ఇంకో తలనొప్పి. దాని డిఫాల్ట్ ప్రకారం 15 నిమిషాల్లో 3 సార్లు తప్పు కొడితే 10 నిమిషాలు ఖాతా లాక్. ఆర్చ్ లినక్స్‌లో ఇది ముందే ఆన్ చేసి ఉంటుంది. ఆ 10 నిమిషాలూ సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఒప్పుకోదు. మనిషికి తన జ్ఞాపకం మీదే అనుమానం వచ్చేస్తుంది. రూట్‌గా వెళ్లగలిగితే ఫెయిల్‌లాక్ కమాండ్‌తో ఆ లెక్క చెరిపేయొచ్చు. ఆ లెక్క ఉండేది మెమరీలో తాత్కాలికంగా నిలిచే రన్ డైరెక్టరీలో కాబట్టి రీబూట్ చేసినా పోతుంది.

కీబోర్డ్ లేఅవుట్ సంగతి అందరికీ తెలిసిందే, అయినా ఎవరూ ముందు చూడరు. లాగిన్ స్క్రీన్ లేఅవుట్, సెషన్ లేఅవుట్ ఒకటే కావాలని లేదు. పక్కన ఎవరూ లేనప్పుడు యూజర్‌నేమ్ పెట్టెలో పాస్‌వర్డ్ టైప్ చేసి అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో చూడండి. ఎంటర్ మాత్రం కొట్టకండి, లాగ్‌లో పడిపోవచ్చు. పాస్‌వర్డ్ ఒప్పుకుని, స్క్రీన్ ఒకసారి నల్లబడి మళ్లీ లాగిన్‌కే వస్తోందంటే అది పాస్‌వర్డ్ గొడవే కాదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి కన్సోల్‌లోకి వెళ్లి డిస్క్ నిండిందేమో, హోమ్‌లో ఫైల్స్ రూట్ పేరు మీదకు మారాయేమో చూడండి.

యూజర్‌నేమ్ తప్పా, పాస్‌వర్డ్ తప్పా అన్నది లాగిన్ స్క్రీన్ చెప్పకపోవడం భద్రత కోసమే, అందులో నాకు పేచీ లేదు. కానీ సొంత కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఖాతా లాక్ అయిందన్న సంగతి దాచి ఎవరిని కాపాడుతున్నట్టు? లాగిన్ పాస్‌వర్డ్‌తో కీరింగ్ పాస్‌వర్డ్ కలవట్లేదని గ్నోమ్ స్పష్టంగానే చెబుతుంది. ఇంకా ఎన్ని నిమిషాలు ఆగాలో ఫెయిల్‌లాక్ కూడా చెబుతుంది, కానీ ఆ మాటను అన్ని లాక్ స్క్రీన్‌లూ చూపించవు. చూపించి తీరాలి. మీ డెస్క్‌టాప్‌లో అది కనబడకపోతే బగ్ రిపోర్ట్ పెట్టండి, జర్నల్‌లోని పామ్ లైన్లు కూడా జత చేయండి.