కన్సల్టెన్సీల తరఫున ఒక విన్నపం

టెక్ ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళు ఎక్కడ నలుగురు కలిసినా కంపెనీలకి మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీ వాళ్ళని తిట్టుకోవడం ఒక అలవాటైపోయింది. ఫోన్ చేసి మాయమైపోతారంట, జావాకీ జావాస్క్రిప్ట్‌కీ తేడా తెలీదంట, లేని ఉద్యోగాలకి రెజ్యూమెలు అడుగుతారంట. ఎంత అన్యాయం అండీ ఇది. మన ముక్కూ మొహం తెలీకపోయినా "మీ ప్రొఫైల్ చూసి చాలా ఇంప్రెస్ అయ్యాం" అని పొద్దున్నే మెసేజ్ పెట్టే మనిషి ఈ రోజుల్లో ఎవరున్నారు చెప్పండి, సొంత మేనేజర్ కూడా అప్రైజల్ టైంలో ఆ మాట అనడు. వాళ్ళ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా, ఎవరూ రావట్లేదు కాబట్టి నేనే మాట్లాడుతున్నా.

ముందు ఎక్స్‌పీరియన్స్ గోల తేల్చేద్దాం. 2020లో సెబాస్టియన్ రమీరెజ్ అనే ఆయన ట్విట్టర్లో ఒక ముక్క రాశాడు. ఫాస్ట్‌ఏపీఐ అని ప్రోగ్రామర్లు వాడే ఒక పనిముట్టు ఉంది, దాన్ని తయారుచేసింది ఆయనే. అందులో 4 ఏళ్ళ పైన అనుభవం కావాలని ఒక జాబ్ పోస్ట్ చూశాడంట, తీరా ఆయన దాన్ని తయారుచేసి అప్పటికి ఏడాదిన్నరే, అందుకని అప్లై చెయ్యలేకపోయానన్నాడు. లోకమంతా ఆ పోస్ట్ పెట్టినవాళ్ళని చూసి పడీ పడీ నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. అర్హత లేదని తెలిసి మర్యాదగా తప్పుకున్నాడు చూడండి, అది సంస్కారం. మనలో ఎవరైనా అయితే 5 ఏళ్ళు అని రాసేసేవాళ్ళం, కీవర్డ్ చూసి ఏరే సాఫ్ట్‌వేర్ మనల్నే పైన కూర్చోబెట్టేది కూడా.

ఇక వర్డ్ ఫైల్. మీరు రాత్రంతా కూర్చుని, మార్జిన్లు సరిచేసి, ఫాంట్ మార్చి మార్చి చక్కగా పీడీఎఫ్ చేసి పంపుతారు. రెండు నిమిషాల్లో రిప్లై వస్తుంది, "వర్డ్‌లో పంపండి ప్లీజ్" అని. ఎందుకో తెలీక చాలామంది కంగారుపడతారు. ఏం లేదండీ, మీ ఫోన్ నంబరు, ఈమెయిలు, లింక్డ్ఇన్ లింకు తీసేసి పైన వాళ్ళ లోగో పెట్టుకోవాలి కదా, లేకపోతే కంపెనీ వాళ్ళు నేరుగా మీకే ఫోన్ చేసేస్తే పాపం మధ్యలో వీళ్ళు ఏమైపోవాలి. ఎలాగూ ఫైల్ తెరిచారు కాబట్టి చేతనైన సాయం కూడా చేస్తారు. ఒకసారి ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన నా రెజ్యూమె ప్రింటు తిప్పుతూ "కుబర్నెటిస్‌లో 6 ఏళ్ళు చేశారు కదా, ఒక క్లస్టర్ పడిపోయిన సంగతి చెప్పండి" అన్నాడు. కుబర్నెటిస్ అంటే బోలెడు కంప్యూటర్లని ఒక గుంపుగా నడిపించే సాఫ్ట్‌వేర్, ఆ గుంపే క్లస్టర్. ఆ లైను నేను రాయలేదు. అవతలివైపు నుంచి తలకిందులుగా చదివితే నిజంగానే ఉంది, నా పేరు కింద, బోల్డ్‌లో. పడిపోయింది క్లస్టర్ కాదు నేను.

వీటన్నిటి వెనకా ఒక లెక్క ఉంది, అది తెలిస్తే ఎవరూ కోప్పడరు. మనం చేరితే కంపెనీ వాళ్ళు కన్సల్టెన్సీకి మన మొదటి ఏడాది జీతంలో ఇంత శాతం అని ఫీజు కడతారు. చేరితేనే డబ్బులు, లేకపోతే పైసా రాదు. కాబట్టి మంచి మనిషిని పంపడం కన్నా ముందు పంపడం ముఖ్యం. ఒకే మనిషిని ఇద్దరు పంపారనుకోండి, ఫీజు ఎవరిదన్న తగాదా మనకెందుకని చాలా కంపెనీలు ఆ మనిషినే పక్కన పడేస్తాయి. అందుకే "మీరు మాత్రమే నన్ను రిప్రజెంట్ చెయ్యొచ్చు" అని మెయిల్ పెట్టమని ఫోన్ మీద ఫోన్ చేస్తారు, పెట్టాక ఆ కంపెనీ వరకూ ఒక 6 నెలలో ఏడాదో మనం వాళ్ళ సొత్తు. చేరిన కొత్తల్లో "ఎలా ఉందండీ జాబ్, అంతా బావుందా" అని ఆప్యాయంగా అడుగుతారు చూశారా, అది గ్యారంటీ పీరియడ్. చాలాచోట్ల 3 నెలలు. ఈ లోపు మనం మానేస్తే ఫీజు వెనక్కివ్వాలి, లేదా ఇంకో మనిషిని చూపించాలి. గడువు దాటిన మర్నాటి నుంచి మన క్షేమం దేవుడికే ఎరుక.

మరి ఇంటర్వ్యూ అయ్యాక ఏ కబురూ చెప్పరేంటి అంటారు. షాపులో అల్మారా మీదున్న డబ్బాకి సాయంత్రం ఎవరైనా వచ్చి "నిన్ను ఇవాళ ఎవరూ కొనలేదమ్మా, ఏమీ అనుకోకు" అని చెప్తారా? బిల్లు కట్టేవాడికే కదా కబుర్లన్నీ. లింక్డ్ఇన్ కూడా మనం ఫ్రీగా వాడేసుకుంటున్నాం అని సంబరపడతాం గానీ, దానికి పెద్ద ఆదాయం మనల్ని వెతుక్కోవడానికి రిక్రూటర్లు కట్టే డబ్బే. 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లు పోసి కొన్నది మన మోటివేషన్ పోస్టులు చదువుకోవడానికి కాదు.

ఫోన్లో అడిగే ప్రశ్నల్లో నాకు బాగా నచ్చేవి రెండు. ఒకటి, "ఇంకా ఎక్కడెక్కడ ఇంటర్వ్యూలు అవుతున్నాయండీ?" ఇదేదో మన గురించి బెంగ అనుకుని అన్ని పేర్లూ చెప్పేస్తాం, ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో ఆ కంపెనీలన్నిటికీ వీళ్ళ దగ్గర్నుంచి ఇంకో నలుగురు వెళ్తారు. రెండోది రిఫరెన్స్. ఇంకా ఉద్యోగం వాసన కూడా రాలేదు, అప్పుడే ఇద్దరు మేనేజర్ల పేర్లూ నంబర్లూ కావాలంటారు. మేనేజర్ అంటే మనుషుల్ని తీసుకునేవాడు, మనుషుల్ని తీసుకునేవాడు అంటే కస్టమర్. మనం ఇచ్చింది రిఫరెన్స్ కాదు, బేరం.

నేను కూడా భక్తిగా ఇచ్చా, అప్పటి మా మేనేజర్ నంబరే, ఆయన మంచివాడు, ఏమీ అనుకోడని. కొన్నాళ్ళకి అదే కన్సల్టెన్సీ నుంచి మెసేజ్. పేరు చెప్పకూడని పెద్ద క్లయింట్ అంట, మంచి టీమ్ అంట, నాకు అచ్చంగా సరిపోతుందంట. జేడీ, అదే ఉద్యోగం వివరాలు రాసిన కాగితం, చదువుతుంటే ఎక్కడో చూసినట్టు అనిపించి మళ్ళీ చదివా, మా టీమే. నేను చేస్తున్న పనే, నా పక్క కుర్చీ. జీతం మాత్రం నాకిచ్చేదానికన్నా ఎక్కువ రాసుంది, దాంతో ఆశ ఆగక "ఇంటరెస్టెడ్" అని కొట్టా. ఎక్స్‌పీరియన్స్ మ్యాచ్ అవ్వలేదంట.