మీ బాడీ వయసు డెబ్బై ఒకటి సార్!

తిరుపతి కపిలతీర్థం రోడ్డు మీద తెల్లవారుజామున నడకకు పోయే మహాజనులారా, మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. దారికి అడ్డంగా మడత టేబులు, టేబులు మీద కరపత్రాలు, కింద ఒక బరువు మిషను, పక్కన తెల్ల టీషర్టు కోచ్ గారు. క్రికెట్ కోచ్ కాదు, వెల్‌నెస్ కోచ్. నిరుడు ఈయనే మనకు రేణిగుంట దగ్గర ప్లాట్లు అమ్మజూపినాడు. ఇప్పుడు ఆరోగ్యం అమ్ముతున్నాడు. ప్లాటుకైతే కనీసం హద్దురాళ్ళు ఉండేవి.

"నా, ఒక్క నిమిషం నా. ఫ్రీనే."

మొన్న ఆ ఫ్రీకి దొరికినవాడు రైల్వేలో పోయినేడే రిటైరైన మా మిత్రుడు. వయసు 61. చెప్పులు విప్పి మిషనెక్కినాడు. కోచ్ గారు అంకె చూసి, పక్కన ఎవరో పోయినట్టు ముఖం పెట్టి, "మీ బాడీ వయసు 71 సార్" అన్నారు.

మా మిత్రుడు భయపడలేదు. "అట్లయితే ఆ చీటీ మీద సంతకం పెట్టియ్యి నాయనా" అన్నాడు. కొండమీద 65 నిండినవాళ్ళకు వృద్ధుల దర్శనం ఉంది కదా. ఆధార్ కార్డు ఇతన్ని ఇంకా నాలుగేళ్ళు ఆగమంటోంది, మిషనేమో ఆరేళ్ళ కిందటే అర్హత ఇచ్చేసింది. కౌంటర్లో దేన్ని నమ్మాలో దేవస్థానం వారు వెంటనే తేల్చాలని నా విన్నపం.

వెనకే గ్రూప్-2కు చదువుతున్న పిల్లోడు ఎక్కినాడు. వయసు 26, బాడీకి 45. పాపం, ప్రిలిమ్స్ రాయకముందే వయోపరిమితి దాటిపోయింది. ఇడ్లీ బండి అక్కను కూడా పిలిచినారు. "నా వయసు నాకే తెలీదు, దానికెట్ల తెలుస్తాది?" అని ఆమె సాంబారు గిన్నె దించనే లేదు. ఆ ఉదయం ఆ రోడ్డు మీద జరిగిన ఏకైక శాస్త్రీయ పరిశీలన అదే.

మరి దీనికి విరుగుడు? డబ్బాలో పొడి. రోజూ రెండు పూటలా తిండి మానేసి ఈ పొడి కలుపుకొని తాగితే నెలకు పదేళ్ళు తగ్గుతాయట. లెక్క వేసి చూసినాను. మా మిత్రుడికి ఆరో నెలలో మళ్ళీ బడి, ఏడో నెలలో ఉయ్యాల. ఎనిమిదో నెల సంగతి కోచ్ గారు చెప్పలేదు.

ఆ మిషను చేసేదేమిటంటే, కాళ్ళ కింది రేకుల గుండా ఒంట్లోకి బహు సన్నని కరెంటు పంపుతుంది. నీళ్ళున్న కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. ఆ అడ్డంకి ఎంతో చూసి, మనం చెప్పిన ఎత్తూ వయసూ కలిపి, ఒక సూత్రంతో కొవ్వు ఇంత ఉండొచ్చని అంచనా కడుతుంది. చెంబుడు నీళ్ళు తాగినా, చెమట పట్టినా అంచనా మారుతుంది. ఇక 'బాడీ వయసు' అనేది మిషను చేసినవాడు తన సొంతానికి కట్టుకున్న లెక్క. అది చూసి మనవాళ్ళు వీలునామా రాయించుకుంటున్నారు.

డబ్బా మీద 'సహజ పోషణ' అని ఆకు బొమ్మ ఉంటుంది. లోపల సోయా పొడి, తీపి, వెనీలా వాసన, కాసిని విటమిన్లు. రెండు పూటలు పస్తుంటే ఎవడైనా తగ్గుతాడు, దానికి వెనీలా ఎందుకు? చిత్తూరు జిల్లాలో పుట్టి కాల్షియం డబ్బాలో కొనుక్కోవడం నాకు మింగుడుపడని విషయం. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములు దాటే ఉంటుంది, పాలకన్నా రెండింతలు ఎక్కువ. ప్రొటీన్ అంటారా, చెనిక్కాయల్లో (వేరుశనగల్లో) నూటికి పాతిక వంతు అదే. సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి, చలికాలంలో పితికిపప్పు కూర. వీటికి కోచ్ లేడు, టీషర్టు లేదు, నలుగుర్ని చేర్పిస్తే వచ్చే కమీషనూ లేదు. అందుకే 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించినా సంగటి ముద్దకు ఏజెంటు దొరకలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. డబ్బు పోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఆ కరపత్రంలో కింద ఇంకో లైను ఉంది: 'షుగర్ శాశ్వతంగా మాయం. మాత్రలు, ఇంజెక్షన్లు కెమికల్స్. మానేయండి.'

ఇది రాసినవాడికి సిగ్గు లేదు. మా బంధువు ఒకాయన ఇట్లాంటి మాటే నమ్మి మాత్రలు ఆపేసినాడు. కాలి పుండు మానలేదు, వేళ్ళు తీసేసినారు. కోచ్ పరామర్శకు రాలేదు. ఇక ఎక్కువగా చిన్నపిల్లలకు వచ్చే టైప్-1 షుగర్‌లో ఇన్సులిన్ ఆపితే రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ళ పిల్లవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించేదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లలకు పెద్ద డాక్టర్లు చేయగలిగింది తిండి తగ్గించి పస్తులు పెట్టడమే. కడుపు మాడి, ఎముకల గూళ్ళై పోయేవాళ్ళు. ఒక్క కెమికలూ లేకుండా, సంపూర్ణ సహజంగా చచ్చిపోయేవాళ్ళు. ఆ సహజాన్నేనా నువ్వు మా రోడ్డు మీద టేబులేసి పంచేది?

షుగర్ నయం చేస్తామని, లావు తగ్గిస్తామని మందుల ప్రకటన వేయకూడదని 1954 నుంచీ చట్టం ఉంది. మొదటి తప్పుకే ఆరు నెలల దాకా జైలు. అది అడిగితే కోచ్ గారు, "ఇది మందు కాదు సార్, ఆహారం" అంటారు. పోలీసు ముందు ఆహారం, పేషెంటు ముందు మందు. సరే, ఆహారమే అనుకుందాం. 2006 ఆహార భద్రత చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా ఉంది. ఎవరో, ఎక్కడో అని అధికారులు వెతుక్కోనక్కర్లేదు. కరపత్రం మీద ఫోటో ఉంది, ఫోన్ నంబరు ఉంది, ఆదివారం కూడా ఐదున్నరకే అక్కడ ఉంటాడు.