అడవిపువ్వును తెంపి తెచ్చి మాక్రో నేర్పకండి

పువ్వును తెంపి, బల్లమీద క్లిప్పుకు బిగించి, సీసాతో నీళ్లు చల్లి మంచు బిందువులని చూపిస్తూ మాక్రో ఫొటోగ్రఫీ (చిన్నవాటిని అతి దగ్గరగా, పెద్దవిగా తీసే విద్య) నేర్పే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఈ విద్యలో కష్టమంతా గాలితోనూ, ఎండతోనూ, నేలతోనూ ముడిపడి ఉంది. వాటిని తప్పించి నేర్పితే మిగిలేది మీటలు నొక్కడమే.

పొలం గట్టున, రోడ్డు పక్కన పెరిగే గడ్డిచామంతినే తీసుకోండి. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి చిన్న చిన్న పువ్వుల గుంపు. అంచున మూడు నొక్కులున్న లేతరంగు రేకులు, నడుమ ఐదు కొనలుగా విచ్చుకునే పసుపు గొట్టాలు ఉంటాయి. ఆ గొట్టాలు వెలుపలి వరుస నుంచి లోపలికి విచ్చుకుంటూ పోతాయి కనుక మొగ్గలూ, విరిసిన పూలూ పక్కపక్కనే కనిపిస్తాయి. దీన్ని 1:1 నిష్పత్తిలో, అంటే సెన్సర్ మీద అసలు పరిమాణంలోనే పడేలా తీసినప్పుడు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉన్నదానిలో) లెన్స్ రంధ్రం ఎఫ్/8 వద్ద ఉంటే స్పష్టంగా వచ్చే మందం దాదాపు 1 మిల్లీమీటరు మాత్రమే. సన్నని పొడవాటి కాడమీద ఊగే పువ్వు ఆ హద్దు దాటడానికి పిల్లగాలి చాలు. రంధ్రాన్ని ఇంకా చిన్నది చేసి ఎఫ్/16కు వెళితే మందం రెట్టింపవుతుంది గానీ, వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, వివర్తనం (చిన్న రంధ్రం గుండా వెళ్లే వెలుతురు చెదరడం) వల్ల చిత్రంలో పదును కూడా తగ్గుతుంది. కాబట్టి ఫోకస్ రింగును వదిలేసి, ఒంటినే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ, గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టి ఉండడం అలవాటు చేసుకోవాలి. బల్ల దగ్గర ఆ అవసరమే రాదు.

విష్ణుక్రాంత మరింత కఠినమైన గురువు. సెంటీమీటరైనా లేని ఆ నీలిపువ్వు నేలబారుగా పూస్తుంది, పొద్దున విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. బోర్లా పడుకుని, ఎండకు పలుచని తెల్లగుడ్డ అడ్డుపెట్టి తీస్తేనే ఆ నీలం పాలిపోకుండా నిలుస్తుంది. తుమ్మిపువ్వు పైపెదవి మీది తెల్లని నూగును బల్లమీదా తీయవచ్చు. కిందిపెదవిపై తేనెటీగ వాలి లోపలికి తల దూర్చే తీరు మాత్రం మొక్క దగ్గరే దొరుకుతుంది.

మాక్రో లెన్స్ కొనలేకపోతున్నామని ఆగిపోనక్కర్లేదు. 50 ఎంఎం లెన్స్ వెనుక 50 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్స్‌కూ కెమెరాకూ నడుమ బిగించే ఖాళీ గొట్టాలు) తగిలిస్తే అదే 1:1 వస్తుంది, కాకపోతే పువ్వుకు మరీ దగ్గరగా జరగాలి.

నేర్పేవారిని నేను కోరేది ఇంతే: మొదటి పాఠం తెల్లవారుజామున, గాలి లేవకముందే, ఏదైనా బీడులో పెట్టండి. అడ్డొచ్చిన గడ్డిపోచను పీకకుండా వేలితో పక్కకు వంచి, ఫొటో తీశాక వదిలేయమని అక్కడే చెప్పండి.