చంక మరిగిన ముద్దాయి

నాలుగు నెలల ముద్దాయి మీద అభియోగం ఒక్కటే: ఎత్తుకుంటే ఏడుపు ఆపేస్తున్నాడు. కావాలనే ఏడుస్తున్నాడనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మొన్న ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో, మా అన్నయ్య వాళ్లింట్లో విచారణ జరిగింది. అధ్యక్షుడు మా బాబాయి. "ఎత్తుకోకమ్మా, చంక మరుగుతాడు. పది నిమిషాలు ఏడిస్తే ఊపిరితిత్తులకు మంచిది" అని తీర్పు చెప్పి, చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. ఉయ్యాల్లో వాడు ఎర్రగా కంది గుక్కపట్టాడు. మూడో నిమిషంలో బాబాయి "కాఫీ" అన్నాడు. పిన్ని లేచింది. ఐదో నిమిషంలో పంచదార తక్కువైందన్నాడు. పిన్ని మళ్లీ లేచింది. ఏడో నిమిషంలో కళ్లజోడు కనిపించలేదు. నుదుటి మీదే ఉంది, కానీ పిన్ని వచ్చి కిందికి దించేదాకా ఆయనకు తెలియదు. 68 ఏళ్ల మనిషి ఎవరి చంక మరిగాడో అడిగే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు. నాకూ లేదు, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

అమెరికాలో సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ అని ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు, 26 మంది పసివాళ్లను ఏడాదిపాటు వాళ్ల ఇళ్లకే వెళ్లి చూశారు. మొదటి నెలల్లో ఏడవగానే తల్లి పలికిన పిల్లలు, ఏడాది నిండేసరికి తక్కువ ఏడ్చారని 1972లో రాశారు. పాపం, వాళ్లకు మా బాబాయి పరిచయం లేదు.

"మిర్చి కూలీల పిల్లల్ని చూడండి" అన్నాడాయన. "చెట్టుకు చీర ఉయ్యాల కట్టి పనిలోకి పోతారు. ఏడ్చి ఏడ్చి వాళ్లే ఊరుకుంటారు."

ఊరుకోవడం కాదు బాబాయ్ అది. ఎవరూ రారని తెలిసిపోవడం. ఆ తల్లికి ఎత్తుకోవాలని లేక కాదు. పొద్దుట్నుంచి తొడిమలు తీసిన చేతులవి. ఎంత కడిగినా మంట పోదు, ఆ చేత్తో బిడ్డ మొహం తాకితే కళ్లు మండిపోతాయి. పని మానేస్తే ఆ పూట కూలి లేదు. 2017లో 26 వారాలకు పెంచిన ప్రసూతి సెలవు ఆ చెట్టు కిందికి రాలేదు. గతిలేక చేసిన పనిని పెంపకం కిటుకని చెప్పడానికి నోరెలా వచ్చింది?

ఇదంతా వింటూ మా అన్నయ్య కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. వాడి ఏడుపుకు పాలు చేపి జాకెట్టు తడిస్తే కొంగు కప్పుకుంది. ఎనిమిదో నిమిషంలో గబగబా వెళ్లి వాణ్ణి భుజాన వేసుకుంది.

"ఇంకా రెండు నిమిషాలుందమ్మా" అన్నాడు బాబాయి, ఖాళీ కప్పు పిన్ని వైపు చాస్తూ.