గుత్తి సాలీడు గుత్తిది కాదు

గుత్తి నీలి సాలీడు ఫొటో పెట్టి ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిప్పుతున్నారు. "ప్రపంచం మొత్తంలో మన గుత్తిలోనే ఉంది. అమెరికా టరాంటులా జాతి. వెంట్రుక తగిలితే ఒళ్లంతా దద్దుర్లే, కుడితే మనిషి బతకడు" అని. ఫొటో వరకే నిజం.

ముందు గుత్తి సంగతి చూద్దాం. 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ ఈ జాతికి పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టినప్పుడు ఆయనకు అందిన నమూనా గుత్తిలో దొరికిందే. కానీ గుత్తి రైల్వే ఊరు. ఇది చెట్ల తొర్రల్లో కాపురముండే సాలీడు. రైల్లోనే అక్కడికి చేరి ఉంటుందని పరిశోధకుల అంచనా. ఆ తర్వాత వందేళ్ల పాటు పత్తా లేదు. 2001లో మళ్లీ కనబడింది, అదీ గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. దొరికిన చోటే పుట్టిల్లనుకుంటే ఇలాగే ఉంటుంది. 2008లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. అప్పటికి తెలిసిన దాని నివాసం వంద చదరపు కిలోమీటర్లకు లోపే.

అమెరికా మాట ఎక్కడి నుంచి వచ్చిందో మరి! అక్కడ టరాంటులాలని పిలిచే పెద్ద వెంట్రుకల సాలీళ్లదీ దీనిదీ ఒకే కుటుంబం, థెరాఫోసిడే. అంతవరకే. దీని పొయిసిలోథీరియా ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, సహజంగా ఉండేది భారత్, శ్రీలంకల్లో మాత్రమే. రామేశ్వరంలో దొరికిన జాతికి 2004లో అక్కడి హనుమంతుడి గుడి పేరు కూడా పెట్టారు. ఇక టరాంటులా అనే పేరు మొదట ఇటలీలోని టరాంటో ఊరి దగ్గరి సాలీడుది. అది వేరే కుటుంబం.

వెంట్రుకల భయం కూడా అమెరికా వాటి నుంచి అంటగట్టిందే. వాటిలో చాలా జాతులు కాళ్లతో పొట్ట మీది దురద వెంట్రుకలు రాల్చి విసురుతాయి. మన ప్రజాతికి ఆ వెంట్రుకలే లేవు. రెండింటినీ వేరుగా గుర్తించే లక్షణాల్లో అదొకటి.

సాలీడు కుట్టదు, కరుస్తుంది. ఇది కరిస్తే నొప్పి, కండరాలు పట్టేయడం గట్టిగానే ఉంటాయి, తేలిగ్గా తీసుకోకూడదు. చనిపోయినట్టు మాత్రం నమోదైన కేసు లేదు. దీనికే మన వల్ల ప్రమాదం: అడవి నరికివేత, పైగా పెంపుడు జీవుల వ్యాపారం. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో చేర్చింది అందుకే.